గ్రీకుల ‘నూస్’ - పొందూరు ఎఱుక

తెలుగు ఇంట ఒక్క దినములో ‘మనసు’ అను మాట ఎన్ని పనులు చేయునో లెక్కించి చూడుడు. ఉదయమున గృహిణి “ఇవాళ మనసేమీ బాగులేదు” అనును. అక్కడ మనసనగా లోపలి దిగులు. పిల్లవాడు లెక్క తప్పు చేసినపుడు తండ్రి “మనసు పెట్టి చెయ్యరా” అనును. అక్కడ మనసనగా శ్రద్ధ. పొరుగింటి ముసలమ్మ “ఆ మాట మనసులో పెట్టుకోకమ్మా” అనును. అక్కడ అది జ్ఞాపకము దాగు చోటు. పెండ్లిసంబంధపు మాటలలో “అబ్బాయి ఆ పిల్లమీద మనసుపడ్డాడు” అందురు. అక్కడ అది కోరిక. ఒకే మాట నాలుగు పనులు చేయుచున్నను మనకు చిక్కేమియు కలుగదు. విన్నంతనే సందర్భమునుబట్టి అర్థమును పోల్చుకొందుము.

చిక్కంతయు పరభాషా పదమును తెలుగున నిలుపవలసి వచ్చినపుడే. ప్రాచీన గ్రీకు భాషలో ‘నూస్’ అను మాట కలదు. హోమరు కావ్యములలో దాని రూపము ‘నోఒస్’. ఏథెన్సు తత్త్వవేత్తల వాడుకలో అచ్చులు రెండును కలిసి ‘నూస్’ అయినది. దీనిని ‘మనస్సు’ అని తెనిగించుట పరిపాటి. అది బొత్తిగా తప్పని మేము అనజాలము. కాని ఆ ఒక్క మాటనే పట్టుకొని గ్రీకు గ్రంథములలోనికి పోయినవారికి కొంతదూరము పోవునప్పటికి దారి తప్పును. ఎందువలన తప్పునో, ఏ తెలుగు మాట మనలను ఇంతకంటె దగ్గరకు చేర్చునో ఈ ప్రసంగమున విచారింతము. విచారణకు తోడుగా శ్రీకాకుళము జిల్లాలోని పొందూరును తీసికొందము.

గ్రీకు మాటకు పొందూరేల అని శ్రోతలు అడుగవచ్చును. ఆ మాట చరిత్రలో నేత, సన్నదనము, చేయి - ఈ మూడును మనకు ఎదురగును. మూడింటిని ఒక్కచోట చూడగోరువారికి పొందూరుకంటె తగిన తావు అరుదు. విజయనగరమునుండి ఉత్తరముగా పోవు రైలుమార్గమున చీపురుపల్లి దాటిన పిమ్మట, ఆమదాలవలసకు ముందు ఈ ఊరు వచ్చును. ఇచటి సన్న ఖద్దరు దేశమంతట పేరుపొందినది. గింజతోనున్న పత్తిని తీసికొని, వాలుగ చేప దవడ యెముకకుండు సన్నని పండ్లతో దువ్వుదురు. నలుసులు పోవును, పోగులు ఒకే దిక్కునకు సాగును. పిమ్మట గింజను వేఱుచేసి, దూదిని ఏకి, ఏకులుగా చుట్టి, అవి నలుగకుండ ఎండిన అరటి దొప్పలో పెట్టుకొని రాట్నముమీద వడకుదురు. 100 నంబరు నూలును ఇట్లు చేతితోనే తీయుదురు. ఈ పనివారికై 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది.

గ్రీకులకు మన తీరపు బట్ట తెలియనిది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున పేరు తెలియని వర్తకుడొకడు గ్రీకు భాషలో వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర యాన గ్రంథమున, ‘మసలియా’ అను తీరమున సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగునని కలదు. మసలియా యనగా కృష్ణానది ముఖమును చేరియున్న ఆంధ్రతీరమని చరిత్రకారులు నిర్ణయించిరి. పొందూరు దానికి ఉత్తరముగా చాల దూరమున ఉన్నది. గ్రంథమున దాని పేరు లేదు. అయినను ‘నూస్’ పుట్టిన భాషలోనే ఆంధ్రుల సన్నబట్టకు ప్రశస్తి లభించినదని మనము సంతోషింపవచ్చును. ‘నూస్’నకును మన ‘నూలు’నకును మాత్రము చుట్టరికమేమియు లేదు, ఆ పోలిక చూచి మోసపోరాదు.

ఇక హోమరు నాటి మాటకు వత్తము. హోమరు కావ్యములలో మనము ‘మనస్సు’ అనుకొను దానికంతటికి ఒక్క పేరు లేదు. ‘ప్సూఖే’ అనగా ఊపిరివంటి ప్రాణము. మనిషి చనిపోవునపుడు అది విడిచిపోవును. ‘థూమోస్’ అనగా లోపల పొంగునది. కోపము, ఉత్సాహము, తెగువ దానివి. ‘ఫ్రేనెస్’ అనగా ఆలోచనకు నెలవైన ఎదలోని భాగము. ఈ వరుసలో నాలుగవది ‘నోఒస్’. హోమరునకు మనస్సంతటికి ఒకే పదము లేదను ఈ విషయమును జర్మను పండితుడు బ్రూనో స్నెల్ 1946లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించెను. తెలుగువారికి ఇది వింతగా తోచనక్కఱలేదు. “ఊపిరి పోయినది”, “గుండె చాలదు”, “ఎద పొంగినది”, “ఎఱుక లేదు” అని మనమును ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాట వాడుచునే యున్నాము గదా!

‘నోఒస్’ చేయు పని యేమి? దీనికి సంబంధించిన క్రియ ‘నోఎయిన్’. ఆ క్రియ వచ్చు తావులలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధము. ఒడిస్సియసు ఇరువది యేండ్లకు ఇల్లు చేరును. బిచ్చగాని వేషమున నుండును. వెంట నడచుచున్న యూమయసు, తన పాత సేవకుడే అయినను, అతనిని పోల్చలేడు. వాకిట పెంటకుప్పమీద ముసలి కుక్క ఆర్గసు పడియుండును. యజమాని దగ్గరకు రాగానే అది ఎఱుగును. తోక యాడించును, చెవులు వాల్చును, లేచి రాలేక అక్కడనే ప్రాణము విడుచును. ఆ కుక్క ఎఱిగిన దానికి హోమరు వాడిన క్రియ ఇదే. కుక్క తర్కింపలేదు, విచారింపలేదు. ఎదుటనున్నవాడు ఎవడో దానికి ఒక్కసారిగా తెలిసినది. వేషమును దాటి వస్తువును పట్టుకొన్నది. కుర్ట్ ఫాన్ ఫ్రిట్జ్ అను పండితుడు 1943లో ఈ పదమును పరిశోధించి, కంటికి కనబడిన దాని వెనుకనున్న అసలు సంగతిని పోల్చుకొనుటయే హోమరు నాటి ‘నోఎయిన్’ అని నిరూపింపజూచెను.

ఇట్టి చూపు పొందూరు రాట్నముల యొద్ద నిత్యమును కానవచ్చును. క్రొత్తగా నేర్చుకొను పిల్ల పోగును చూచును; ఆరితేరిన ముసలమ్మ తెగబోవు పోగును చూచును. ఇద్దరి కన్నులకును కనబడునది ఒకే దారము. “అదిగో, తెగిపోతాది సూడమ్మా” అని పెద్దామె అనునప్పటికి ఆమె లెక్కవేసి తేల్చినది యేమియు లేదు. కదురు తిరుగు తీరును, ఏకు జాఱు తీరును ఒక్కటిగా పట్టుకొన్నది. హోమరు దీనిని వర్ణింపవలసి వచ్చినచో ఆ క్రియనే వాడియుండును. ‘ఆమెకు మనస్సు కలదు’ అని మనము దీనిని చెప్పము. ‘ఆమెకు ఎఱుక కలదు’ అందుము. మొదటి తావుననే తెలుగు మనకు వేఱొక మాటను చూపుచున్నది.

అయితే ‘నోఒస్’నకు రెండవ ముఖమును కలదు. ఒడిస్సియసు లేని కాలమున అతని భార్య పెనెలోపెను పెండ్లాడుటకు ఎందఱో ఇంట చేరుదురు. మామగారికై ప్రేతవస్త్రము నేయుచున్నాననియు, అది ముగియువరకు ఆగుడనియు ఆమె వారికి చెప్పును. పగలు నేసిన దానిని రాత్రి విప్పివేయును. ఇట్లు మూడేండ్లు గడపును. ఆమె మాట యొకటి, ‘నోఒస్’ వేఱొకటి అని వారు మొఱపెట్టుకొందురు. ఇచట ఆ మాటకు లోపలి తలపు, ఎత్తుగడ అని అర్థము. ఎదుటి సంగతిని ఎఱిగినవాడే దానికి తగిన ఉపాయమును పన్నగలడు. కావున ఎఱుకనుండి ఎత్తుగడకు అర్థము సాగినది.

ఈ కథలోనే మఱియొక చిన్న మాటను గుఱుతుంచుకొనవలెను. పెనెలోపె నేసిన వస్త్రమును హోమరు ‘లెప్తోస్’ అను విశేషణముతో చెప్పెను. సన్ననిదని దాని అర్థము. దీని మూలమున ఉన్న క్రియకు ఒలుచుట, పొట్టు తీయుట అని అర్థము. అనగా అక్కఱలేనిది పోగా మిగిలిన సన్నదనమన్నమాట. వాలుగ పండ్లతో నలుసులు తీసి, తీసి సన్నదనమును రాబట్టు పొందూరువారికి ఈ మాట పుట్టుక వివరింప పనిలేదు.

ఆ ‘లెప్తోస్’ మాటనే అనక్సాగరసు అను తత్త్వవేత్త ‘నూస్’నకు తగిలించెను. ఇతడు క్రీస్తుపూర్వము 500 ప్రాంతమున నేటి తుర్కీ దేశపు పడమటి తీరమునందలి క్లజోమెనే పట్టణమున పుట్టి, ఏథెన్సున చాలకాలము నివసించి, పెరిక్లీసునకు మిత్రుడై, 428 ప్రాంతమున గతించెను. అతని మతమున సృష్ట్యాదిని సమస్త వస్తువులును ఒక్కముద్దగా కలిసియుండెను. ‘నూస్’ ఒక్కటే దేనితోను కలియనిది. అన్నిటికంటె సన్ననిది, శుద్ధమైనది. అది ఆ ముద్దను తిరుగజేసెను. ఆ తిరుగుడులో దట్టమైనది పలుచని దానినుండి, వేడిది చల్లని దానినుండి, వెలుగు చీకటినుండి వేఱుపడెను, ప్రపంచము ఏర్పడెను. ఏథెన్సు ప్రజలు ఆ తత్త్వవేత్తకు ‘నూస్’ అనియే పేరు పెట్టిరట.

ఈ సిద్ధాంతమున ‘నూస్’ చేయు పని వేఱుచేయుట. మన సంస్కృత పదము ‘వివేకము’నకును ధాత్వర్థము వేఱుచేయుటయే. గింజను, నలుసును, దూదిని వేఱుచేయువారి పనిని వివేకమని మనము పిలువము. అది చేతిపని అందుము, వివేకము వేఱొకచోట ఉన్నదనుకొందుము. అనక్సాగరసు అట్లనుకొనలేదు. మనుష్యుడు జంతువులన్నిటిలో తెలివిగలవాడగుటకు కారణము అతనికి చేతులుండుటయే అని అతడు చెప్పెనని అరిస్టాటిలు వ్రాసియున్నాడు. అరిస్టాటిలు దీనిని ఒప్పుకొనక, తెలివిగలవాడు కావుననే మనుష్యునికి ప్రకృతి చేతులిచ్చినదనెను. ఎవరి వాదము నెగ్గినను, చేతికిని తెలివికిని గల ముడిని ఇద్దఱును విప్పలేదు.

అనక్సాగరసు గ్రంథమును చదువుచుండగా విని సోక్రటీసు యౌవనమున ఎంతో ఆశపడెనట. ‘నూస్’ సమస్తమును చక్కపఱచునదైనచో, ప్రతి వస్తువు ఎట్లుండుట మేలో అట్లే ఉండుటకు కారణము అందు దొరకునని అతని ఆశ. తీరా చదువగా గాలి, నీరు మొదలైనవే కారణములుగా కనబడెను. ఈ నిరాశను ప్లేటో ‘ఫైదో’ అను సంవాదమున సోక్రటీసు నోటనే చెప్పించెను. నాటినుండి ‘నూస్’ అను మాటకు మేలు కీళ్లను ఎఱిగి నడపునది అను బరువు చేరినది.

ఇచటనే ‘మనస్సు’ అను అనువాదము మనలను గట్టిగా దారి తప్పించును. కఠోపనిషత్తులోని రథమును శ్రోతలెఱుగుదురు. అందు శరీరము రథము, ఇంద్రియములు గుఱ్ఱములు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి. ప్లేటో ‘ఫైద్రసు’ సంవాదమున ఆత్మను రెండు గుఱ్ఱముల రథముతో పోల్చెను. అచటనే ‘నూస్’ను ఆత్మకు చుక్కాని పట్టువానిగా చెప్పెను. రెండు చిత్రములను ప్రక్క ప్రక్కన పెట్టినచో ‘నూస్’ నడపువాని చోటున ఉన్నది, పగ్గపు చోటున లేదు. దానిని మనస్సని తెనిగించిన సారథి పేరు తీసి పగ్గమునకు పెట్టినట్లగును. ఇంకొక విశేషము. సంస్కృత ‘మనస్’ శబ్దమునకు గ్రీకున తోబుట్టువు లేకపోలేదు, అది ‘మెనోస్’. ఇండో-యూరోపియను భాషాశాస్త్రము ప్రకారము రెండును ఒకే పదమునుండి పుట్టినవి. కాని గ్రీకున ‘మెనోస్’ అనగా యుద్ధవీరుని ఒంట పొంగు ఊపు, బలము. పుట్టుకనుబట్టి చుట్టమైనది అర్థమున దూరమాయెను.

అరిస్టాటిలు చేతిలో ‘నూస్’నకు మఱింత కచ్చితమైన పని ఏర్పడినది. శాస్త్రము ఒక విషయమునుండి మఱియొక విషయమును నిరూపించును. కాని మొట్టమొదటి సూత్రములను దేనినుండి నిరూపింపవలెను? వానిని నిరూపణతో కాక నేరుగా పట్టుకొనునది ‘నూస్’ అని అతని నిర్ణయము. అది ఆకాశమునుండి ఊడిపడదు. ఇంద్రియములు చూచినది జ్ఞాపకమగును. జ్ఞాపకములు పేరుకొని అనుభవమగును. అనుభవమునుండి సూత్రము నిలుచును. నీతిశాస్త్ర గ్రంథమున అతడు ఇంకొక మెట్టు దిగి వచ్చి, ఈ చేయవలసిన పని, ఈ క్షణము, ఈ సందర్భము అని విడివిడి సంగతులను పట్టుకొను చూపును కూడ ‘నూస్’ అనెను. అది వయస్సుతో వచ్చునదనియు, పండిన పెద్దలు నిరూపింపకయే చెప్పు మాటలను సైతము నిరూపణలతో సమముగా మన్నింపవలెననియు, అనుభవము వారికొక కన్ను నిచ్చినదనియు అతని భావము. “తెగిపోతాది సూడమ్మా” అను మాటకు ఇంతకంటె గొప్ప సమర్థన ఏ శాస్త్రమునందు దొరకును?

ఇక ఈ గ్రీకు మాట తెలుగుదేశమున నిజముగా అడుగుపెట్టిన కథ యొకటి కలదు. అదియు ఉత్తరాంధ్రముననే జరిగినది. 1805లో లండన్ మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను పండితుని తోడ్పాటుతో సువార్తలను తెనిగించు పని అక్కడ సాగెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. మూడు సువార్తల తెలుగు అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. క్రొత్త నిబంధన మూలము గ్రీకు. అందు పదే పదే వచ్చు ‘మెటానోయియా’ అను మాటలో మన ‘నూస్’ దాగియున్నది. లోపలి చూపు మాఱుటయని దాని మూలార్థము. చేసిన దానికి తరువాత వగచుటయని లోకవ్యవహారము. నేడు వాడుకలోనున్న తెలుగు బైబిలులో దీనికి ‘మారుమనస్సు’ అని కలదు. మాటకు మాట కూర్చినదే అయినను ఈ సమాసము తెలుగున చక్కగా ఒదిగినది. వట్టి పశ్చాత్తాపమని సరిపెట్టక, మాఱుటను మాటలో నిలిపినది.

అయినను చెవికి ఒక సందేహము మిగులును. “ఊరికి పోదామనుకొని మనసు మార్చుకొన్నాడు” అని మనము దినదినము అనుచుందుము. అంతమాత్రమున అతడు క్రొత్త మనిషి కాడు. గ్రీకు మాటలోనున్న లోతును తెలుగువారు వేఱొక పలుకుబడితో చెప్పుదురు: “వానికి కనువిప్పు కలిగినది.” ఇందు మనస్సు ప్రసక్తియే లేదు, కన్ను తెఱచుకొనుట కలదు. హోమరు కుక్క, అరిస్టాటిలు పెద్దలు, పొందూరు ముసలమ్మ - అందఱి విషయమునను మనము చూచినది ఈ కన్నునే.

ఇంతకు ‘నూస్’ను ఏమని తెనిగింపవలెను? మా అభిప్రాయమిది. హోమరును చదువునపుడు ఎఱుక అనుడు. పెనెలోపె తావున తలపు అనుడు. అనక్సాగరసునకు వివేకము, ప్లేటోకు బుద్ధి తగును. అరిస్టాటిలు శాస్త్రమునకు బుద్ధి చాలును గాని, అతడు పెద్దల చూపును గుఱించి చెప్పునపుడు మరల ఎఱుకయే కావలెను. ఒక్క మాటనే కోరువారు ఎఱుకను తీసికొనుట మేలు. ఏలననగా అందు చూపును, గుఱుతింపును, తెలివియు కలిసియున్నవి. దానికొక లోటు కలదు: ఎఱుక నడపునని తెలుగువాడు అనడు. ఆ చోట బుద్ధిని తోడు తెచ్చుకొనవలసినదే. ‘మనస్సు’ అని కనబడిన ప్రతి అనువాదమునందును, ఇచట దిగులా, శ్రద్ధా, కోరికా, ఎఱుకా అని ఒక్కసారి ప్రశ్నించుకొన్నచో పాఠకుడు మోసపోడు.

ఈ విచారణ పదములతోనే ముగియునది కాదు. పొందూరున చేతితో సన్ననూలు వడకువారి సంఖ్య తగ్గిపోవుచున్నది. పడిన శ్రమకు వచ్చు కూలి చాలదని పిల్లలు వేఱుపనులకు పోవుచున్నారు. ఇందు వారి తప్పేమియు లేదు. కాని దీనిని ‘ఒక చేతిపని పోవుచున్నది’ అని మాత్రమే లెక్కవేసినచో, మనస్సు వేఱు, చేయి వేఱు అను అలవాటు మనచే అట్లు పలికించుచున్నదని ఎఱుగవలెను. పోవుచున్నది ఒక ఎఱుక. అది గ్రంథమున వ్రాసి దాచుటకు అలవి కానిది. ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండి, ఏండ్లతరబడి ఏకు పట్టి నేర్చుకొన్నప్పుడే ఒక కంటినుండి మఱియొక కంటికి అందునది. పొందూరు బట్టను కొనునపుడు, గజమునకు ధర యెంతయని అడిగిన పిమ్మట, ఈ నూలు తీసినవారి వద్ద నేడు నేర్చుకొనుచున్నది ఎవరని కూడ అడుగుడు. ఆ ప్రశ్నకు బదులు దొరకినంత కాలము ఆ ఎఱుక నిలుచును.